మేకు లేని గుమ్మటం

వారం మొత్తంలో రెబెక్క టీచర్ తన అలసటను మరిచిపోయేది శనివారం చివరి రెండు పీరియడ్లలోనే. మిగతా వేళల్లో అది ఆమె వెంటే తిరుగుతుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు పొయ్యి దగ్గర నిలబడినప్పుడు ఉంటుంది. ఎల్బీనగర్ చౌరస్తాలో బస్సు ఎక్కి, ఆడవాళ్ళందరి మధ్య ఒంటికాలి మీద వేలాడేటప్పుడు ఉంటుంది. కొత్తపేట గల్లీలోని మూడంతస్తుల బడి మెట్లెక్కేటప్పుడైతే ఇక చెప్పనక్కర్లేదు. రోజుకు ఏడు పీరియడ్ల లెక్కలు, సాయంత్రం మన్సూరాబాద్‌లోని ఇంట్లో రెండు బ్యాచుల ట్యూషన్, ఆ తర్వాత వంట. ఆదివారం చర్చిలో పాట పాడేటప్పుడు కూడా గోడకు ఆనుకునే పాడుతుంది. ఆమెకు నలభై ఆరేళ్ళు. చూసినవాళ్ళు యాభై దాటాయనుకుంటారు, ఆమె కాదనదు.

శనివారం చివరి రెండు పీరియడ్లలో తొమ్మిదో తరగతి పిల్లలు బెంచీలు గోడవారకు జరిపి నేలమీద కూర్చుంటారు. రెండడుగుల పొడవున్న సన్నని కట్టె పట్టీలను మధ్యలో కుప్ప పోస్తారు. మేకు ఉండదు, దారం ఉండదు, బంక ఉండదు. మొదట మూడు కట్టెలు తీసుకోవాలి. ఒకదాని కొనను రెండోదాని నడుము మీద పెట్టాలి, రెండోదాని కొనను మూడోదాని మీద, మూడోదాని కొనను తిరిగి మొదటిదాని మీద. మధ్యలో చిన్న ముక్కోణం మిగులుతుంది. బయటి కొనలు నేలకు ఆనుకుని, మూడు కట్టెలూ ఒకదాన్నొకటి మోస్తూ లేచి నిలబడతాయి. ఆ బయటి కొనల కింద ఇంకో మూడు, వాటి కింద మరికొన్ని దూర్చుకుంటూ పోతే, ముప్పైమూడు కట్టెలకు మోకాలెత్తు గుమ్మటం తయారవుతుంది. ఒక కట్టె వేలెడు పక్కకు జరిగితే నడిమి ముక్కోణంలో కోణాలు మారిపోతాయి, గుమ్మటం ఒకవైపు ఒరిగిపోతుంది. పిల్లలు కోణమానిని పట్టుకుని వంగి చూస్తారు, కాగితం మీద రాసుకుంటారు, కొట్లాడుకుంటారు.

అంతా అయ్యాక నడిమి మూడింట్లో ఒకదాన్ని లాగమంటుంది టీచర్. మొత్తం ఒక్క చప్పుడుతో నేలమీద కూర్చుంటుంది.

"ఎందుకు పడ్డది? పుస్తకంల ఉన్నది చెప్పొద్దు. కండ్లతోని చూసింది చెప్పాలె."

అదే ఆమె పాఠం. పన్నెండేళ్ళ కింద టీచర్లకు పెట్టిన రెండు రోజుల శిక్షణలో ఒక ముసలి మాస్టారు ఇలాగే కట్టెలు పరిచి చూపించాడు. మిగతా టీచర్లు భోజనాలకు లేచిపోయారు. చిట్యాల దగ్గర పల్లెలో బోర్డు మీది బొమ్మలను బట్టీ పట్టి డిగ్రీ దాకా వచ్చిన రెబెక్క ఒక్కతే అక్కడ కూర్చుండిపోయింది. గుమ్మటం పడిపోయిన చప్పుడుకు ఆమెకు నవ్వొచ్చింది. లెక్కలు చెప్పడం మొదలుపెట్టి అప్పటికి ఏడేళ్ళు, లెక్కలను చూసి నవ్వడం అదే మొదలు.

జనవరిలో ఒకరోజు కరస్పాండెంట్ కోటేశ్వరమ్మ ఆమెను గదిలోకి పిలిచింది. ముప్పై ఏళ్ళ కింద గుంటూరు నుంచి వచ్చి, రెండు గదుల్లో బడి మొదలుపెట్టి ఇంతదాకా తెచ్చిన మనిషి ఆమె.

"కూర్చోండి రెబెక్కగారూ. వచ్చే జూన్ నుంచి ఆరో తరగతి మొదలు పదో తరగతి దాకా ఒక కంపెనీవాళ్ళ ఐఐటీ ఫౌండేషన్ ప్యాకేజీ తీసుకుంటున్నామండీ. ట్యాబులూ వాళ్ళవే, పేపర్లూ వాళ్ళవే. శనివారం చివరి రెండు పీరియడ్లూ వాళ్ళకిచ్చేయాలి. ఆ పుల్లలాట ఇక ఆపేయండి."

"అది ఆట కాదు మేడమ్."

"నాకు తెలుసండీ. పేరెంట్స్‌కి తెలియొద్దూ? మొన్నొకాయన వచ్చి, మావాడి వేలికి పుల్ల గుచ్చుకుంది, మీరు చెప్పేది లెక్కలా వడ్రంగమా అని అడిగిపోయాడు."

ఈ బడిలో పందొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నా, సెలవు తప్ప రెబెక్క ఏనాడూ ఏదీ అడగలేదు. అది కూడా రెండుసార్లే, అమ్మ పోయినప్పుడు, బిడ్డ జోస్నా పుట్టినప్పుడు. ఇప్పుడు చేతులు ఒళ్ళో పెట్టుకుని, నేల చూస్తూ అడిగింది.

"ఆ రెండు పీరియడ్లు తీసెయ్యకండి మేడమ్. కావాలంటే ఇంకో రెండు ఎక్కువ చెప్తా. అవి మాత్రం వదిలెయ్యండి."

కోటేశ్వరమ్మ కళ్ళద్దాలు తీసి బల్లమీద పెట్టింది. ఎదుటి మనిషి ఇంతగా అడుగుతుందని అనుకోలేదు.

"సరే. ఫిబ్రవరి చివరి శనివారం పేరెంట్స్ వచ్చే ఓపెన్ హౌస్ ఉంది కదా, కింద హాల్లో పెట్టండి. నిలబడాలి, వచ్చినవాళ్ళకి అర్థం కావాలి. నలుగురు బాగుందంటే ఆ పీరియడ్ల జోలికి రాను. కూలిపోయిందనుకోండి, ఇక నన్నేమీ అడగొద్దు."

ఆ నెలంతా రెబెక్కకు కట్టెలతోనే సరిపోయింది. పండ్ల మార్కెట్ కొత్తపేటలో ఉన్న రోజుల్లో కట్టెలకు కొరత లేదు. యాపిల్ పెట్టెలు పగిలి రోడ్డు పక్కన గుట్టలుగా పడి ఉండేవి. అటెండర్ బక్కయ్య చంకలో పెట్టుకుని మోపులు మోపులు తెచ్చి, పట్టీలు ఊడదీసి, ఒక్క కొలతకు కోసి ఇచ్చేవాడు. మార్కెట్ ఊరవతలికి పోయి ఏళ్ళవుతోంది. పాత పట్టీలు ఏటికేడు విరిగి, మిగిలినవి ముప్పైమూడుకు చాలడం లేదు. ఈసారి కట్టెల డిపోలో, తలుపుల అంచులకు కొట్టే బీడింగ్ పట్టీలు కోయించి తెచ్చారు. రందా పట్టి నున్నగా చేసిన కొత్త పట్టీలు, చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి.

ముచ్చటగా ఉన్నాయి కానీ నిలబడలేదు. ఓపెన్ హౌస్‌కు ముందురోజు, శుక్రవారం మధ్యాహ్నం, హాల్లో మూడుసార్లు కట్టారు, మూడుసార్లూ కూలింది. ఒకసారి ఇరవై కట్టెల దగ్గర, ఒకసారి ముప్పై దగ్గర, మూడోసారి అంతా అయిపోయి ఎవరో తుమ్మినప్పుడు.

"చేపల్లెక్క జారుతున్నయి టీచర్," అన్నాడు అభిలాష్.

"నువ్వు తుమ్మినవ్, దానికి కట్టెలననకు," అంది సింధు. ఓపెన్ హౌస్‌లో మాట్లాడాల్సింది ఆ పిల్లే. వారం నుంచి ఇంట్లో అద్దం ముందు చెప్పుకుంటోంది.

నాలుగోసారి నిలబడింది. ఐదుకు పావు తక్కువైంది. ఇంటి దగ్గర ట్యూషన్ పిల్లలు వచ్చే వేళ. రెబెక్క ఊపిరి బిగబట్టి నాలుగడుగులు వెనక్కు నడిచి, తలుపు దగ్గర నిలబడ్డ బక్కయ్య చేతికి తాళమిచ్చింది.

"బక్కన్నా, ఎవ్వర్ని లోపలికి రానియ్యకు. ఫ్యాన్ గూడ ఎయ్యకు."

"నువ్ పో టీచరమ్మా. నేనున్న గద," అన్నాడు బక్కయ్య.

అరవై దాటిన మనిషి. ఈ బడికి రాకముందు పాతికేళ్ళు సెంట్రింగ్ పని చేశాడు. స్లాబు పోయకముందు కింద కట్టెలు నిలబెట్టి, పలకలు పరిచి బిగించే పని. ఒకసారి కట్టెలు జారి స్లాబు కూలితే తుంటి విరిగింది. పక్కనున్నవాడు లేవలేదు. అప్పటి నుంచి ఒక కాలు ఈడుస్తూ నడుస్తాడు.

శనివారం పొద్దున రెబెక్క హాల్లో అడుగు పెట్టేసరికి నాలుగు ఫ్యాన్లూ గిర్రున తిరుగుతున్నాయి. గోడకు కట్టిన రంగుకాగితాలు రెపరెపలాడుతున్నాయి. గుమ్మటం మాత్రం ఉన్నచోటే ఉంది, ఒక్క కట్టె కదల్లేదు. "స్తోత్రం ప్రభువా," అనుకుంది. ఇంకేమీ అనుకోలేదు. రాత్రి సరిగా నిద్రపోని మనిషి, మంచి జరిగినప్పుడు ఎందుకు జరిగిందని అడగలేదు.

పదింటికి తల్లిదండ్రులు రావడం మొదలైంది. పక్క గదిలో ప్యాకేజీవాళ్ళు ట్యాబులు పెట్టారు, అందులోంచి ఆగకుండా సంగీతం వస్తోంది. అయినా మొదట హాల్లోకి వచ్చినవాళ్ళు గుమ్మటం చుట్టూ మూగారు. మొబైల్ షాపు నడిపే మహేష్, భార్య గీతను వెంటబెట్టుకుని ముందుకొచ్చాడు. వాళ్ళబ్బాయి ఎనిమిదో తరగతి.

"గిది పరీక్షల ఒస్తదా మేడమ్?"

"కోణాలొస్తయన్నా."

"కోణాలు బుక్కుల గీస్తే రావా?"

"గీస్తే ఒస్తయి. ఎందుకొచ్చినయో తెల్వది."

"నువ్వు జర ఊకో," అంది గీత భర్తతో. "పిల్ల చెప్తుంటే ఇను."

సింధు గొంతు సవరించుకుంది. బట్టీ పట్టిన వాక్యాలు కాబట్టి పుస్తకం చదివినట్టే చెప్పింది. "ఇందులో మేకులు లేవు, బంక లేదు. ప్రతి కట్టె ఇంకో కట్టెను మోస్తుంది, తనూ ఇంకో కట్టె మీద ఆనుకుంటుంది. అందుకే నడిమి ముక్కోణంలో ఒక్క కట్టె తీసినా మొత్తం పడిపోతుంది. చూడండి." వంగి, కట్టె పట్టుకుని లాగింది.

కట్టె రాలేదు. ఇంకా గట్టిగా లాగింది. గుమ్మటం గుమ్మటమే నేలమీద జానెడు జరిగింది తప్ప ఊడలేదు.

ఒక్క క్షణం ఎవరికీ ఏం జరిగిందో తెలియలేదు. ఆ తర్వాత మహేష్ చప్పట్లు కొట్టాడు. "అబ్బ! ఏం గట్టిగున్నదే!" మిగతావాళ్ళూ కొట్టారు. తలుపు దగ్గర నిలబడ్డ కోటేశ్వరమ్మ నవ్వుతూ, సరేనన్నట్టు రెబెక్కకు తల ఊపింది.

సింధు ఇంకా వంగే ఉంది. కట్టె కిందుగా ఏదో చూసింది. లేచి నిలబడేటప్పటికి ముఖం సర్దుకుంది. "అంత మంచిగ కట్టినం అంకుల్. ఒకటి గుంజినా పడకుండ కట్టినం," అని టీచర్ వైపు చూసింది. నేను కాపాడిన అన్న చూపు అది.

రెబెక్క గొంతుక్కూర్చుని నడిమి కట్టెల కలయిక మీద గోరు పెట్టి గీకింది. రంపపు పొట్టు కలిపిన ఫెవికాల్ చుక్క ఊడి వచ్చింది. కింద మేకు మెరిసింది.

బక్కయ్య వరండాలో నీళ్ళ డ్రమ్ము దగ్గర గ్లాసులు కడుగుతున్నాడు.

"కొట్టినవా?"

"ఏంది?"

"బక్కన్నా."

బక్కయ్య గ్లాసు బోర్లించాడు. "నడిమి తొమ్మిదింటికే కొట్టిన. సన్న మేకులు. తలలు గూడ కోసేసిన, ఎవ్వనికి కనవడది." చెప్పేటప్పుడు గొంతులో పనివాడి గర్వం దాగలేదు.

"ఎందుకన్నా?"

"ఎందుకేంది? నువ్వు పొయ్యిన పావుగంటకే కూలింది. నేను ముట్టలే, ఫ్యాన్ ఎయ్యలే. దానంతటదే కూలింది. పిల్లలు గీసిన బొమ్మ చూసుకుంట మళ్ళ పేర్సిన. పేర్సినంక అట్లనే ఇడిసిపెడ్తనా? మేకు లేని కట్టె కింద మనిషిని నిలవెట్టొద్దని మా మేస్త్రి నన్ను కొట్టి నేర్పిండు."

"దాని కింద ఎవ్వరు నిలవడరు గదన్నా."

"నువ్వు నిలవడ్డవ్ గద," అన్నాడు బక్కయ్య.

రెబెక్క డ్రమ్ము అంచు పట్టుకుంది. ఊరుకుంటే సరిపోతుంది. కోటేశ్వరమ్మ తల ఊపింది, చప్పట్లు పడ్డాయి, రెండు పీరియడ్లు దక్కినట్టే. కానీ తర్వాత ప్రతి శనివారం సింధు ముందు కూర్చుని, కళ్ళతో చూసిందే చెప్పమని అడగాలి. ఆ పిల్ల చెబుతుంది కూడా. ఇద్దరికీ తెలిసినదాన్ని ఇద్దరూ మోయాలి. దాచిపెట్టడానికి కూడా ఓపిక కావాలి. తనలో అది ఎంత మిగిలిందో చూసుకుంటే, ఏమీ కనబడలేదు.

"నీ పట్కారు ఏడున్నది?"

"పాగలైనవా టీచరమ్మా? మేడమ్ ఖుషీగున్నది లోపట."

"ఏడున్నదన్నా?"

పట్కారు పట్టుకుని హాల్లోకి వెళ్ళిన రెబెక్క ఎవరినీ చూడకుండా, గుమ్మటాన్ని చూస్తూ మాట్లాడింది. "దీంట్ల మేకులున్నయి. నిన్న మాతోని సరిగ నిలవడలే. కొట్టింది పిల్లలు కాదు, పెద్దోళ్ళం. పిల్లలకు చెప్పలే. ఇప్పుడు తీసేసి మళ్ళ కడ్తం. జర సేపు పడ్తది. ఉండెటోళ్ళు ఉండుర్రి."

"మరి ఒకటి గుంజినా పడదనిరి?" అన్నాడు మహేష్. నలుగురు నవ్వారు. సింధు ముఖం ఎర్రబడింది. కోటేశ్వరమ్మ తలుపు దగ్గర నుంచి వెళ్ళిపోయింది.

తలలు కోసిన మేకులు అంత తేలిగ్గా రాలేదు. పట్టీల మధ్య పట్కారు దూర్చి విడదీస్తే మూడు పట్టీలు చీలాయి, వాటి బదులు డిపో నుంచి తెచ్చినవాటిలో మిగిలిన మూడు తీసుకున్నారు. పక్క గది సంగీతం మళ్ళీ పెద్దదైంది. ఒకరి తర్వాత ఒకరు అటు నడిచారు. పదకొండున్నరకు హాల్లో పిల్లలు ఐదుగురు, గీత, మనవణ్ణి చంకనేసుకున్న ఒక ముసలాయన మిగిలారు.

"నేను సంభాళించిన గద టీచర్," అంది సింధు తల ఎత్తకుండా. "ఎందుకు చెప్పిన్రు?"

"నువ్వు సంభాళించినందుకే."

సింధుకు కోపం పోలేదు. కట్టెలు ఏరుతూనే ఉంది కానీ, విసిరినట్టు పెడుతోంది.

మొదటి మూడు నిలబెట్టారు. ఆరు. తొమ్మిది. అభిలాష్ చేయి ఆపి, నడిమి కట్టెను వేలితో అటూ ఇటూ నెట్టి చూశాడు. "టీచర్, ఫెవికాల్ ఎండిన కాడ జారుతలేదు. పొట్టు అంటింది గద, గరుకుగున్నది."

సింధు కూడా వేలు పెట్టి చూసింది. "అవ్ టీచర్. నున్నగున్న కాడనే జారుతున్నది."

యాపిల్ పెట్టెల పట్టీలు గరుకుగా ఉండేవి కాబట్టే నిలబడేవన్న మాట రెబెక్కకు అప్పుడు తట్టింది. పన్నెండేళ్ళుగా చెబుతున్న పాఠంలో తనకు తెలియని వాక్యం ఒకటి ఉండిపోయింది. అవమానం కలగాల్సిన చోట, ఎందుకో కాస్త తెరిపిగా అనిపించింది.

తలుపు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్న బక్కయ్య వెళ్ళి తన సంచిలోంచి ఆకురాయి తెచ్చాడు. తుంటి పట్టుకుని, మూలిగి, నేలమీద కూలబడ్డాడు. "ఇటియ్యుర్రి. ఏడ ఏడ ఆనుతదో పెన్సిల్‌తోని గీత పెట్టుర్రి," అని ఒక్కొక్క పట్టీని ఒళ్ళో పెట్టుకుని ఆ గీతల దగ్గర గరుకయ్యేలా రాకసాగాడు. గీత కూడా చీర కుచ్చిళ్ళు సర్దుకుని కింద కూర్చుంది. పొట్టు రాలిన నేలమీద పిల్లలు పాకుతూ కట్టారు. ఒంటిగంటకు పది నిమిషాలు ఉందనగా ముప్పైమూడో కట్టె దూరింది. గుమ్మటం కొంచెం ఎడమకు ఒరిగింది, కానీ నిలబడింది.

ఫ్యాన్ వేయమంది రెబెక్క. వేశారు. అయినా నిలబడింది.

సింధు ఈసారి ఏమీ చెప్పలేదు. వంగి నడిమి కట్టె ఒకటి లాగింది. ముప్పైరెండు కట్టెలు ఒక్కసారి నేలమీద పడ్డాయి. ముసలాయన చంకలోని పిల్లవాడు కేరింతలు కొట్టాడు.

"అయ్యో! ఎందుకు పడ్డది బిడ్డా?" అంది గీత.

"అంటే ఆంటీ... గిది దాన్ని మోస్తది. అది దీన్ని మోస్తది. గిది పొయ్యిందనుకోండ్రి..." సింధు ఆగిపోయింది. చేతులు గాల్లో ముక్కోణంలా పెట్టి, మాట కోసం వెతుక్కుంది. రెబెక్క అందించలేదు.

సోమవారం పొద్దున కోటేశ్వరమ్మ పిలిచింది.

"ఆ మేకుల సంగతి చెప్పకుండా ఉంటే సరిపోయేదండీ."

"అవును మేడమ్."

"ఎవరు కొట్టారు?"

"నా మంచికే కొట్టిన్రు మేడమ్. పేరు అడగకండి."

కోటేశ్వరమ్మ అడగలేదు. "మళ్ళీ నిలబెట్టారట, మంచిదే. కానీ అప్పటికి హాల్లో ఎవరున్నారండీ? అందరూ చూసింది మేకులే. ప్యాకేజీవాళ్ళకి మాటిచ్చాను. మీకంత ఇష్టమైతే ఒక పని చేయండి, శనివారం బడి అయ్యాక రెండింటి నుంచి నాలుగింటి దాకా పెట్టుకోండి. ఉండేవాళ్ళు ఉంటారు. హాలు మీకే వదిలేస్తాను."

రెండింటి నుంచి నాలుగింటి దాకా. అప్పుడు ఇంటికి చేరేసరికి ఐదు. శనివారం మధ్యాహ్నం పెట్టే ట్యూషన్ బ్యాచ్ మానుకోవాలి, లేదా రాత్రికి నెట్టాలి. రెబెక్క మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. ఇలాంటివాటికి ఇన్నేళ్ళుగా సరేననడమే ఆమెకు అలవాటు. సరేనన్న ప్రతిసారీ ఇంటిదారి ఇంకాస్త పొడుగయింది.

"బడి టైములో ఇస్తే చెప్తా మేడమ్. తర్వాత అంటే నాతోని కాదు."

"ఇష్టమన్నారుగా?"

"ఇష్టమే మేడమ్. ఓపిక లేదు."

ఎన్నడూ కాదనని మనిషి కాదనడం వినేసరికి కోపపడాలో జాలిపడాలో కోటేశ్వరమ్మకు తెలియలేదు. చివరికి నవ్వేసింది.

"నిన్న ఆ మొబైల్ షాపాయన భార్య ఫోన్ చేసిందండీ. వాళ్ళాయన శనివారం రాత్రి నుంచి ఐస్‌క్రీమ్ పుల్లలు ముందేసుకుని కూర్చున్నాడట. నిలబడట్లేదు, టీచరుగారి నంబరివ్వమని అడిగింది." అద్దాలు పెట్టుకుని టైంటేబుల్ కాగితం దగ్గరికి లాక్కుంది. "ఒక్క పీరియడ్ ఇస్తాను. చివరిది. నలభై నిమిషాలు. దాని ముందుది మాత్రం ప్యాకేజీకే. అంతకంటే నా వల్ల కాదు."

"సరే మేడమ్."

స్టాఫ్‌రూమ్‌లో ఆ గంట ఎవరూ లేరు. రెబెక్క కుర్చీలో కూర్చుని, ఒక కాగితం మీద పెన్సిల్‌తో రాసుకుంది. బెంచీలు జరపడానికి ఐదు నిమిషాలు. మళ్ళీ సర్దడానికి ఐదు. మిగిలింది ముప్పై. ముప్పైమూడు కట్టెల గుమ్మటానికి చేయి తిరిగిన పిల్లలకే యాభై నిమిషాలు పడుతుంది. ముప్పైమూడు కొట్టేసింది. ఇరవై ఒకటి అని రాసి, దాన్నీ కొట్టేసింది. అందరూ కట్టాలి, కోణాలు కొలవాలి, లాగాలి, ఎందుకు పడిందో చెప్పడానికి ఒక పిల్లకైనా మాట దొరకాలి. పన్నెండు అని రాసింది. పన్నెండు కట్టెలకు మోకాలెత్తు రాదు, జానెడు వస్తుంది. జానెడు గుమ్మటంలోనూ నడిమి ముక్కోణం ఉంటుంది.

గంట కొట్టారు. పన్నెండు చుట్టూ సున్నా చుట్టి, కాగితం మడిచి పుస్తకంలో పెట్టి, బల్ల అంచు పట్టుకుని లేచింది. పైన ఎనిమిదో తరగతి బి సెక్షన్ అప్పటికే అల్లరి మొదలుపెట్టింది.